కాలువలు కట్టేసిన రోజుల్లో

మే 4, ఆదివారం

నా రాత కుదురుగా ఉండదు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఎక్కడ మానాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఆరో తరగతి సగంలో మానేసిన దాన్ని. ఇది ఎవరూ చదవరు కాబట్టి ఫరవాలేదు. ఒకవేళ ఎవరైనా చదివితే తప్పులు మన్నించాలి. ఆయన నడిపే స్కూలు వ్యానులో పిల్లలెవరో వదిలేసిన లెక్కల పుస్తకం ఇది. ముందు పేజీల్లో ఎక్కాలున్నాయి. నేను వెనక నుంచి రాస్తున్నాను. మనసులోది ఎవరితోనూ చెప్పుకోలేకపోతే కాగితం మీద పెట్టమని పాస్టరమ్మ గారు ఒకసారి అన్నారు.

రేపు రాజమండ్రి వెళ్తున్నాం. ఊరు చూడటానికి. పెళ్లయ్యాక ఆయన నన్ను తుని దాటించడం ఇదే మొదలు. స్కూళ్లకి సెలవులు కాబట్టి వ్యాను లేదు, ఆయనకి తీరికే.

బాబుని తీసుకెళ్లడం లేదు. పాలు మాన్పించాలి. ఏడాదిన్నర వాడు. వేపాకు నూరి రాసుకుంటే మొహం వికారంగా పెట్టాడు, అరచేత్తో తుడిచాడు, తాగేశాడు. అత్తయ్య గారు నవ్వు ఆపుకోలేక, "ఇది కళ్ల ముందుంటే వాడు మానడురా ఆరోనూ. నాలుగు రోజులు ఎటైనా తీసుకుపో" అన్నారు. మా వైపు అందరూ అలాగే మాన్పిస్తారు. తల్లి పుట్టింటికి పోతుంది, తిరిగొచ్చేసరికి బిడ్డ మర్చిపోతాడు. నాకు పుట్టింట్లో అమ్మ లేదు. అందుకని రాజమండ్రి.

ధవళేశ్వరంలో మా ఆడపడుచు తబిత వదిన ఇల్లుంది. వదిన కువైట్‌లో ఇంటిపని చేసి కట్టుకున్న డాబా. అక్కడే ఉంటాం.

నా పాస్‌పోర్టు ఆయన సంచిలో పెట్టడం చూశాను. పోయిన ఏడాది తీయించారు, ఆధార్ కార్డులాగే ఇదీ ఇంట్లో ఉండాలని. రాజమండ్రికి ఎందుకని అడగలేదు. లాడ్జిలో అడుగుతారేమో.

మేము ఉండేది లాడ్జిలో కాదు.


మే 5, సోమవారం

బాబు నిద్రపోతుండగా వచ్చేశాను. మెలకువగా ఉన్నప్పుడు చెప్పి వద్దామనుకున్నాను. అత్తయ్య గారు వద్దన్నారు.

రైల్లో ఆయన నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి ప్రతి స్టేషనూ చూపించారు. అన్నవరం, సామర్లకోట, అనపర్తి, ద్వారపూడి, కడియం. "గుర్తుపెట్టుకో, అడుగుతాను" అన్నారు. దిగేముందు నిజంగానే అడిగారు. ద్వారపూడి మర్చిపోయాను. కోప్పడలేదు. ఇవాళంతా ఆయన కోప్పడలేదు.

ధవళేశ్వరం కాలువలో పడవ ఎక్కిస్తానని తునిలోనే మాటిచ్చారు. ఎప్పుడో వదిన పెళ్లికి వచ్చినప్పుడు చూశారట, గట్లు ఒరుసుకుంటూ పారే నిండు కాలువ. షేర్ ఆటో ఎక్కగానే పడవల రేవు ఎక్కడని అడిగారు. ఆటో నడిపే అతను, బుల్లిరాజట, అద్దంలోంచి చూశాడు.

"ఏ ఊరండి మీది?"

"తుని."

"అదీ సంగతి. మెట్టోళ్లు. కాలువలు కట్టేసి పది రోజులైందండి బాబూ. పడవేంటండి, చెప్పులు చేత్తో పట్టుకుని అమలాపురం దాకా నడిచెళ్లిపోవచ్చు!"

ఆటోలో అందరూ నవ్వారు. ఏటా ఎండాకాలంలో బ్యారేజీ దగ్గర తలుపులు దించేసి కాలువలకి నీళ్లు ఆపేస్తారట, మరమ్మతుల కోసం. మళ్లీ జూన్‌లోనే వదలడం. ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. మాకు తెలియదు. ఆయన మొహం చిన్నబోయింది. నాకు జాలేసింది.

వదిన ఇల్లు కాలువ గట్టు మీదే. అడుగున బురద ఎండి పగిలింది. అక్కడక్కడ మడుగులు, విరిగిన కుర్చీ ఒకటి, ప్లాస్టిక్ కవర్లు. నీళ్లుంటే ఇవేవీ కనపడవనుకుంటాను.

సాయంత్రానికి గుండెలు బరువెక్కాయి. బాత్రూంలో పిండేశాను. వదిన బాత్రూం గోడలకి పైదాకా తెల్ల పలకలు. ఎక్కడ చూసినా నేనే మసగ్గా కనపడ్డాను.


మే 6, మంగళవారం

బ్యారేజీ చూశాం. ఒక పక్క గోదావరి సముద్రంలా ఉంది, రెండో పక్క ఇసుకా బండలూ. కాటన్ దొర మ్యూజియం చూశాం. ఆవరణలో పాత ఇనుప యంత్రాలు వరసగా పెట్టారు, ఎండకి చేయి పెడితే కాలుతున్నాయి. ప్రతిచోటా ఆయన సెల్ఫీ తీశారు. "నవ్వు" అన్నారు. నవ్వాను. చేతులు పైకెత్తితే నొప్పి. ఎత్తమన్నారు, ఎత్తాను.

వచ్చేటప్పుడు మల్లెపూలు కొన్నారు. అడక్కుండా కొన్నారు. పెళ్లయిన కొత్తలో కూడా ఇన్ని మూరలు కొనలేదు. ఆటోలో వాసన చూస్తూ వచ్చాను. ఇంటికి రాగానే తలలో పెట్టుకోబోతే తబిత వదిన చేయి పట్టుకున్నారు.

"తల్లోకి కాదే పిచ్చిమొహమా. జాకెట్ లోపల కట్టుకో. పాలు ఆరిపోతాయి. వాడిన పూలు తీసేసి రోజూ కొత్తవి కట్టాలి. వాడికి నేనే చెప్పా తెమ్మని."

కట్టుకున్నాను. చల్లగా ఉంది.


మే 7, బుధవారం

జ్వరం. ఏమీ చూడలేదు.


మే 8, గురువారం

జ్వరం తగ్గింది. ఆయన బజారుకెళ్లారు. వదిన చేపల కూర వండుతూ చెప్పారు.

"ఆరోన్ నీకు చెప్పాడా లేదా? రెండేళ్లు. ఇద్దరు పిల్లలున్న ఇల్లు, కువైట్‌లో నేను చేసిన వీధికి దగ్గర్లోనే. మంగళవారం ఏజెంటు ఆఫీసులో ఆ ఇంటావిడ వీడియో కాల్‌లో నిన్ను చూస్తుంది."

"తెలుసండి" అన్నాను.

తెలియదు. కాదు, తెలుసు. పాస్‌పోర్టు చూసినప్పుడే తెలుసు. అయినా ఇప్పుడే ఏదో అయిపోయినట్టు కాదు. చూస్తారు, నచ్చాలి, వీసా రావాలి. ఊరికే మాటలు ఎన్నో అనుకుంటారు.

వదిన అరబ్బీ మాటలు నేర్పారు. మంచిదంటే జేన్. అవునంటే ఎయ్‌వా. రేపు అంటే బుక్రా. వదిన ఆ మాటలంటుంటే గొంతు కూడా మారిపోతోంది, సన్నగా, నవ్వుతున్నట్టు.

"కాదు అనాలంటే ఏమంటారండి?"

వదిన గరిటె ఆపి పెద్దగా నవ్వారు. "అది నీకెందుకే? పదేళ్లలో నేనే ఎప్పుడూ అనలేదు."

మధ్యాహ్నం వాళ్లమ్మాయి మెర్సీ భోజనానికి వచ్చింది. పదో తరగతి పరీక్షలు రాసింది. పక్క వీధిలో నానమ్మ దగ్గర పడుకుంటుంది, ఆవిడే పెంచారు. వాళ్ల నాన్న లారీ మీద ఉంటారు. ఈ ఇంట్లో ఏసీ గది కట్టించింది ఆ పిల్ల కోసమే. తలుపు మీద దాని పేరు కూడా రాయించారు. వదిన చేప తల దాని కంచంలో పెట్టబోతే చేయి అడ్డం పెట్టింది.

"చాలండి. మీరు తినండి."

మేము పక్కింటి వాళ్లతో అంటామే, అలా. ఇంతలో గేటు దగ్గర నానమ్మ గొంతు వినపడితే, "ఎండలో ఎందుకొచ్చావే ముసలీ, కళ్లు తిరిగి పడితే నేను మొయ్యలేను!" అని అరుస్తూ పరిగెత్తింది.

వదిన ఆ తలముక్క నా కంచంలో వేశారు.


మే 9, శుక్రవారం

ఇవాళ ఊరంతా తిరిగాం. తిరిగింది నేను. ఆయన వెనకాల వచ్చారు.

"అక్కడ ఎయిర్‌పోర్టులో ఒక్కదానివే నడవాలి కదా. మనిషిని అడగాలి, బోర్డు చదవాలి. ఇవాళ నువ్వే దారి చూపించు. నేను లేననుకో" అన్నారు.

మొదటిసారి ఆయన నోటి వెంట 'అక్కడ' అన్న మాట వచ్చింది. అంత మామూలుగా వచ్చింది, నేను ఎక్కడ అని అడగలేదు.

ఆటో ఆపడానికే చాలా సేపు పట్టింది. చేయి ఎత్తుతాను, ఆటో దగ్గరకి వచ్చేసరికి దించేస్తాను. చివరికి ఆగింది ఆ మొదటిరోజు బుల్లిరాజే. కోటిపల్లి బస్టాండ్ అన్నాను.

"ఏంటమ్మా?"

మళ్లీ అన్నాను.

"నాకు వినపడక్కర్లేదమ్మా, కనీసం ఆటోకి వినపడేలా చెప్పు. అదే తీసుకెళ్తది."

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. చూస్తే ఆయనే. నాకూ నవ్వొచ్చింది.

ధవళేశ్వరం నుంచి కోటిపల్లి బస్టాండ్. అక్కడ ఆటో మారి పెద్ద స్టేషన్. గోదావరి స్టేషన్ అని ఇంకోటుంది, వంతెన దగ్గర. రెండూ ఒకటనుకుని కొత్తవాళ్లు అక్కడ దిగిపోతారు, దిగకూడదు. స్టేషన్‌లో టికెట్ కిటికీ దగ్గర నిలబెట్టి, "తునికి ఒకటి అని అడుగు, ఊరికే" అన్నారు. అడిగాను. లోపలాయన ఇచ్చేయబోతే ఈయన పరిగెత్తుకొచ్చి వద్దన్నారు. లోపలాయన తిట్టాడు. మేమిద్దరం నవ్వుకుంటూ బయటికొచ్చేశాం. రోజ్‌మిల్క్ తాగించారు. గులాబీరంగు నురగ ఆయన మీసానికి అంటుకుంటే తుడిచాను, నడిరోడ్డు మీద.

పెళ్లయిన ఇన్నాళ్లలో నాకు బాగున్న రోజు ఏదంటే ఇదే చెప్పాలి. అదే నాకు కష్టంగా ఉంది.


మే 10, శనివారం

పొద్దున ఫోన్‌లో బాబు గొంతు వినిపించారు. ఏడవలేదు. ఏదో తింటున్నాడు. "మర్చిపోయాడే!" అన్నారు అత్తయ్య గారు సంతోషంగా. మంచిదేనన్నాను.

సాయంత్రం పుష్కర ఘాట్‌కి వెళ్లాం. గోదావరికి హారతి ఇచ్చే వేళ. మనం వెళ్లవచ్చా అన్నాను. "చూడటానికి టూరిస్టులు అందరూ వస్తారు, పాపమేం లేదు" అన్నారు. పైమెట్ల మీద దూరంగా కూర్చున్నాం. ఎదురుగా కొవ్వూరు దీపాలు. వంతెన మీద రైలు పోతుంటే మెట్లు కూడా సన్నగా అదిరాయి.

ఆయన నీళ్లవైపు చూస్తూ మాట్లాడారు. నావైపు చూసి మాట్లాడితే వద్దనేదాన్నేమో.

"మన ఇల్లు వానొస్తే ఎలా ఉంటుందో నీకు తెలుసు. వాడిని ఎక్కడ పడుకోబెట్టాలో తెలీక ఇద్దరం మంచం పట్టుకుని తిరుగుతాం. రెండేళ్లు కళ్లు మూసుకుంటే వాడికి స్లాబ్ కింద పడక ఉంటుంది. నన్నెవడూ పిలవడం లేదు రెబెక్కా. పిలిస్తే నేనే పోయేవాడిని. ఆడవాళ్లనే అడుగుతున్నారు."

నిజమే. ఆయన రెండుసార్లు ప్రయత్నం చేసి వెనక్కి వచ్చారు. నాకు తెలుసు.

"వాడు నన్ను గుర్తుపడతాడాండి?" అన్నాను.

"రోజూ వీడియో కాల్ చేస్తావుగా."

కింద ఎవరో దీపం వదిలారు. కొంచెం దూరం పోయి ఆకు తిరగబడింది.

సరే అన్నాను. ఆయన నా చేయి పట్టుకుని చాలా సేపు వదల్లేదు. మల్లెపూలు కొన్నారు.


మే 11, ఆదివారం

వదిన వాళ్ల చర్చికి వెళ్లాం. వెనక వరసల్లో పసిపిల్లల తల్లులు కూర్చుంటారు. నేను ముందుకెళ్లి కూర్చున్నాను.

ఏం ప్రార్థించాలో తెలియలేదు. కళ్లు మూసుకుని స్టేషన్ల పేర్లు అనుకున్నాను. ఈసారి ద్వారపూడి మర్చిపోలేదు.


మే 12, సోమవారం

ఆఫీసు రేపు. ఆయన, వదిన కలిసి నాకు పాఠం చెప్పారు. నా వయసు ముప్పై. అసలు వయసు ఇరవై నాలుగని చెబితే పంపరు. బాబుకి ఆరేళ్లు, స్కూలుకెళ్తున్నాడు. నేను నవ్వుతూ ఉండాలి.

"వాడి పుట్టినరోజు అడిగితే?" అన్నాను.

"అంత దూరం అడగరు" అన్నారు ఆయన.

లోపల ఉండలేక గట్టు మీదకి వచ్చాను. లాకుల దగ్గర దాకా నడిచాను. పెద్ద తలుపులు దించేసి ఉన్నాయి. కింద మడుగులో చేపలు పట్టే మనుషులు, బురద మోకాళ్ల దాకా. పైన గట్టు మీద ఒకావిడ బుట్ట పెట్టుకుని పట్టినవి పట్టినట్టే అమ్ముతోంది. ఆవిడని అందరూ వీరవేణీ, వీరవేణీ అని పిలుస్తున్నారు. నేను ఊరికే చూస్తూ నిలబడితే, "కొనకపోయినా ఫరవాలేదు గానీ నీడలోకి రా అమ్మా. మొహం చూడు, వాడిపోయిన తోటకూరకాడలా ఉంది" అంది.

పక్కన కూర్చున్నాను. తలుపుల సందుల్లోంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి. తలుపులు సరిగ్గా పడలేదా అన్నాను.

"ఎంత దించినా కారుతాయమ్మా. ఏటా గోనెలు కుక్కుతారు, మట్టి కొడతారు. అవతల అంత గోదారి పెట్టుకుని ఇవతల ఎలా ఆగుతాది? ఆ కారేది లేకపోతే ఈ చేపలేవి, నా బేరమేది?" అని నవ్వింది. నన్ను పరకాయించి చూసి గొంతు తగ్గించింది. "పూలు లోపల కట్టావా? ఇంతింత వాసన. బిడ్డ పోయాడా తల్లీ?"

"లేదండి. ఉన్నాడు. తునిలో ఉన్నాడు."

"ఉంటే మరి ఎందుకు?"

బుట్టలో చేపలవైపు చూశాను. ఆవిడ మళ్లీ అడగలేదు. నా చీర కొంగులో చిన్న చేపలు రెండు గుప్పిళ్లు పోసింది, వద్దన్నా వినలేదు.

బిడ్డ పోతే కడతారట ఇక్కడ, ఎక్కువగా.


మే 13, మంగళవారం

రాయలేను ఇవాళ. కానీ రాయకపోతే రేపటికి ఇంకోలా గుర్తుంటుంది.

ఆఫీసు మెయిన్ రోడ్డు దగ్గర ఒక మేడ మీద. రమేష్ బాబు గారని ఒకాయన. మర్యాదగానే మాట్లాడారు. వదిన తన పట్టు జాకెట్ నాకు తొడిగించారు, నీలం రంగుది, ఫోన్‌లో బాగా కనపడుతుందని. బల్ల మీద నాలాంటి వాళ్లు నలుగురైదుగురు కూర్చున్నారు. రాజోలు నుంచి వచ్చిన ఒకమ్మాయికి తోడుగా వాళ్ల అక్క, అక్క ఒళ్లో నెలల పిల్ల.

నన్ను లోపలికి పిలిచారు. తలుపు తీసే ఉంది. ఫోన్‌లో ఆవిడ నిజంగా మంచిగానే ఉంది, చిన్న వయసు. వదిన పక్కన కూర్చుని నవ్వుతూ మాట్లాడుతున్నారు. నేను జేన్ అన్నాను. ఎయ్‌వా అన్నాను. వయసు ముప్పై అని వదిన చెబితే తలూపాను.

అప్పుడు బయట ఆ పిల్ల ఏడ్చింది. ఆకలి ఏడుపు. వాళ్ల అక్క పాలసీసా కోసం సంచి వెతుకుతున్నట్టుంది, ఏడుపు పెరిగింది. నేను పళ్లు బిగించాను. స్టేషన్ల పేర్లు అనుకున్నాను. అన్నవరం, సామర్లకోట. మొదట సూదులు గుచ్చినట్టైంది, తర్వాత వెచ్చగా. చూసుకోకుండానే తెలిసింది. పట్టు మీద తడి ఎంత దూరం పాకుతుందో. పూలు నానిపోయి వాసన ఇంకా ఎక్కువైంది. చేతులు అడ్డం పెట్టుకున్నాను. రమేష్ బాబు గారు మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆయన, మా ఆయన, నేలవైపు చూశారు.

ఫోన్‌లో ఆవిడ ఏదో అడిగింది. నవ్వు లేదు ఇప్పుడు. వదిన నావైపు తిరిగారు.

"బాబు ఎంతవాడని అడుగుతోంది."

ఆరేళ్లు అనాలి. వదినే ఆ మాట చెప్పేయవచ్చు. చెప్పలేదు, నన్ను అడిగారు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

"ఏడాదిన్నర" అన్నాను.

ఆటోకి వినపడేలా అన్నాను. బయట బల్ల మీద వాళ్లు కూడా తలలు తిప్పి చూశారు.

వదిన ఆ మాటే అరబ్బీలో చెప్పారు. ఆవిడ కొంచెం సేపు నన్ను చూసి, ఫోన్ పెట్టేసింది.

"ఏంటయ్యా ఆరోనూ ఇది? ఎప్పుడో మానేశాడన్నావు" అన్నారు రమేష్ బాబు గారు. మళ్లీ ఆయనే, "పోనీలే, నెల రోజులు ఇక్కడే ఉంచు. బిడ్డ కంటపడకుండా ఉంటే పాలు ఆరిపోతాయి. ఇంకో ఇల్లు చూస్తాను" అన్నారు.

ఆటోలో పమిట కప్పుకుని కూర్చున్నాను. చాలా అలసటగా ఉంది, చాలా రోజులు నడిచి వచ్చినట్టు.


మే 14, బుధవారం

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "నేను రేపు తుని వెళ్లి వాడిని చూసుకుంటాను. నువ్వు నెల ఇక్కడుండు. అక్క చూసుకుంటుంది" అన్నారు. మల్లెపూలు తేలేదు. వదిన మెర్సీని పంపి తెప్పించారు.

కట్టుకోలేదు. తలలో పెట్టుకున్నాను.


మే 16, శుక్రవారం. ఇంట్లో.

నిన్నటిది రాస్తున్నాను.

పొద్దున్నే లేచాను. ఆయన లోపలి గదిలో నిద్రపోతున్నారు. సంచి సర్దుకోలేదు, పుస్తకమూ ఫోనూ మాత్రం తీసుకున్నాను. చేతిలో ఉన్నవి దారికి సరిపోతాయి. గేటు దగ్గర వదిన కళ్లాపి చల్లుతున్నారు. దొరికిపోయాననుకున్నాను.

వదిన బకెట్ కింద పెట్టారు. నా తలలో పూలు చూశారు. లోపలి గదివైపు చూశారు. లేపుతారేమోనని పుస్తకం గట్టిగా పట్టుకున్నాను. అప్పుడే పక్క వీధిలోంచి మెర్సీ గొంతు, నానమ్మతో ఏదో వాదులాడుతోంది, నువ్వే నువ్వే అని. వదిన అటు తిరిగి కొంచెం సేపు విన్నారు.

"లా అంటారు" అన్నారు.

"ఏంటండి?"

"అడిగావుగా మొన్న. కాదు అనడానికి. లా." గేటు తీశారు. "ఆరోన్ లేచేసరికి నేను చూడలేదని చెబుతాను. నడు."

చేయి ఎత్తి ఆటో ఆపాను. బుల్లిరాజు కాదు, వేరే అతను. కోటిపల్లి బస్టాండ్ అన్నాను. ఒక్కసారికే వినపడింది. అక్కడ మారాను. గోదావరి స్టేషన్ దగ్గర రెండో ఆటో అతను "స్టేషన్ ఇదేనమ్మా" అని దింపేయబోతే, "ఇది కాదండి, పెద్ద స్టేషన్" అన్నాను. కిటికీ దగ్గర తునికి ఒకటి అన్నాను. లోపల ఆ రోజు తిట్టినాయనే. "ఈసారి నిజంగానేనా?" అన్నాడు. అవునండి అన్నాను.

కడియం దాటాక నిద్రపట్టింది. కూర్చునే నిద్రపోయాను. లేచేసరికి ఆయన ఫోన్.

"ఎక్కడున్నావు?"

"సామర్లకోట దాటిందండి."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను. రైలు చప్పుడే.

"టికెట్ తీసుకున్నావా?"

"తీసుకున్నాను."

"ఎవర్ని అడిగావు దారి?"

"ఎవర్నీ అడగలేదండి. మీరు చూపించారు కదా."

ఆయన నవ్వారో నిట్టూర్చారో తెలియలేదు. "సరే. దిగేటప్పుడు జాగ్రత్త" అన్నారు. అది కోపం కాదు. కోపం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇవాళ రాత్రికి వస్తానన్నారు. వచ్చాక ఏమంటారో తెలియదు. నేను మళ్లీ చెప్పవలసి వస్తుంది. అప్పుడు నీళ్లవైపు చూస్తూ మాట్లాడితే సరిపోదు, నావైపు చూడమంటాను. వానాకాలం వచ్చేలోపు కప్పు మీదకి ఏదో ఒకటి చూడాలి. ఇద్దరం మంచం పట్టుకుని తిరగడం నాకు అలవాటే.

నేను వచ్చేసరికి బాబు వాకిట్లో మట్టి తవ్వుతున్నాడు. పిలిచాను. చూశాడు. చూసి, అత్తయ్య గారి కాళ్ల వెనక్కి వెళ్లిపోయాడు. అక్కడినుంచి ఒక కన్నుతో చూస్తున్నాడు. అత్తయ్య గారు వాడిని ముందుకి తోయలేదు, ఆ మేలు చేశారు.

గడపలో కూర్చున్నాను. కొత్తవాళ్ల ఇంటికి వచ్చినట్టు. ఎండ వాకిలి సగం దాటేదాకా కూర్చున్నాను. మళ్లీ పిలవలేదు. వాడు ముందు మట్టి తవ్వే చెంచా తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. వెళ్లిపోయాడు. మట్టి తెచ్చి పెట్టాడు. వెళ్లిపోయాడు. మూడోసారి వచ్చి నా తలలో వాడిపోయిన పూలు పీకి, వాసన చూసి, తుమ్మాడు. అప్పుడు పక్కన చతికిలబడి పమిట లాగాడు.

పాలు పెద్దగా లేవు. సగం ఆరిపోయాయి. వాడు వదల్లేదు, వచ్చేదాకా లాగాడు. వచ్చాయి.

ఇక రాయను. ఇది ఎవరికైనా దొరికితే దయచేసి పొయ్యిలో పెట్టేయండి. నేనే పెట్టాలి గానీ, ముందు పేజీల్లో ఎవరో పిల్లలు కష్టపడి రాసుకున్న ఎక్కాలున్నాయి, చేయి రావడం లేదు. ఇందులో ఆయన చెడ్డవారిలా కనపడతారు. చెడ్డవారు కాదు. రోజ్‌మిల్క్ తాగించిన రోజు మీరు చూడలేదు. ఘాట్ మీద నేను సరే అన్న సంగతి కూడా ఇందులోనే ఉంది. వాడికి చదువొచ్చేలోపు కాల్చేయండి.